రాత్రి రెండింటికి బాగుపడే ఫైళ్లు: ఒక లినక్స్ పర్మిషన్ల కేసు

నా దగ్గరికి వచ్చిన కంప్లైంట్ చిన్నదే. ఇంపోర్ట్ అయిపోయిన ఫైళ్లు పక్క సర్వర్‌కి వెళ్లడం లేదు, పొద్దున్నే ఎవరో ఒకరు కీ ఫైల్‌ని సరిచేస్తే రోజంతా వెళ్తాయి, మర్నాడు పొద్దున మళ్లీ మొదటికి. దీనితో పాటు ఆ టీమ్‌లో ఇంకో మాట చలామణీలో ఉంది, దాన్ని మాత్రం ఎవరూ కంప్లైంట్‌గా అనుకోలేదు. పగలు ఇన్‌బాక్స్‌లో పెట్టిన ఫైల్ ఆ రోజుకి అక్కడే ఉండిపోతుంది, ఒక రాత్రి నిద్ర చేస్తే దానంతటదే కదులుతుంది అని. కొత్తగా చేరినవాళ్లకి కూడా ఇదే నేర్పేవాళ్లు.

పర్మిషన్లు చూసే కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయ) పగలూ రాత్రీ తేడా లేదు. కాబట్టి రాత్రిపూట ఎవరో ఏదో చేస్తున్నారు. రూట్ (సర్వర్ మీద సర్వాధికారాలున్న అకౌంట్) క్రాన్‌ట్యాబ్, అంటే వేళకి వాటంతటవే నడిచే పనుల పట్టిక, తెరిస్తే వెంటనే దొరికింది: రోజూ రాత్రి 2 గంటలకు, రిపోర్ట్స్ అనే డైరెక్టరీ మొత్తం మీద, సీహెచ్‌మోడ్ మైనస్ పెద్ద ఆర్, 777. అంటే లోపలున్న ప్రతి ఫైల్ మీదా అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసే కమాండ్.

ఇది రాసినవాళ్లని నేను తిట్టను. ఎప్పుడో ఒక అర్ధరాత్రి పర్మిషన్ డినైడ్ అని వచ్చుంటుంది, 777 కొడితే పోయుంటుంది, మర్నాడు మళ్లీ వస్తే విసుగొచ్చి క్రాన్‌లో పెట్టేసి ఉంటారు. మనలో చాలామంది క్రాన్ దాకా వెళ్లలేదంతే.

ముందు ఆ మెషీన్ ఎలా ఉందో చెప్తాను. ఒక లినక్స్ సర్వర్. రిపోర్ట్స్ డైరెక్టరీ కింద ఇన్‌బాక్స్, పూర్తయినవి, ఫలితాలు అని మూడు సబ్‌డైరెక్టరీలు. ఆరుగురు ఎస్‌ఎఫ్‌టీపీలో (ఫైళ్లు పంపే సురక్షిత పద్ధతి) వచ్చి ఇన్‌బాక్స్‌లో ఫైళ్లు పెడతారు, వాళ్లలో ఇద్దరికి షెల్ (కమాండ్లు కొట్టే చోటు) కూడా ఉంది. ఇంపోర్టర్ అనే సర్వీస్ అకౌంట్ 10 నిమిషాలకోసారి ఇన్‌బాక్స్ చూసి, ఫైల్ చదివి, డేటాబేస్‌లో వేసి, ఫైల్‌ని పూర్తయినవి లోకి జరుపుతుంది. ఫలితాల్ని వెబ్ సర్వర్ చదివి చూపిస్తుంది. ఇంకొక్కటి, ఇదే కొంప ముంచింది: ఇంపోర్టర్ అకౌంట్ హోమ్ డైరెక్టరీ కూడా రిపోర్ట్స్ కిందే పెట్టారు. అంటే పక్క సర్వర్‌లోకి వెళ్లడానికి అది వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ (మొదట చెప్పిన కీ ఫైల్) కూడా రాత్రి రెండింటికి 777 అయిపోతోంది.

ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ ఇక్కడ మొండిది. ప్రైవేట్ కీ మీద గ్రూప్‌కి గానీ ఇతరులకి గానీ ఒక్క బిట్ ఉన్నా ఆ కీని వాడనంటుంది, పెద్దక్షరాలతో హెచ్చరిక కూడా ఇస్తుంది. పొద్దున్నే వీళ్లు మోడ్‌ని (పర్మిషన్ల అంకెని) 600 చేస్తే, అంటే ఓనర్‌కి మాత్రమే ఉంచితే, పనిచేసేది, రాత్రి క్రాన్ దాన్ని మళ్లీ 777 చేసేది. ఇద్దరూ తమ డ్యూటీ తాము నిష్ఠగా చేస్తున్నారు. మొదటి కంప్లైంట్ ఇంతే, అరగంట పని. హోమ్‌ని వేరే చోటికి మార్చాను, 700 పెట్టాను. పాత కీని మాత్రం పడేసి కొత్తది చేయించాను, ఎందుకంటే ఇన్నాళ్లూ ఆ సర్వర్‌లో అకౌంట్ ఉన్న ఎవరైనా దాన్ని చదివి ఉండొచ్చు, ఎవరూ చదవలేదని నిరూపించే దారి లేదు.

అసలు కథ రెండో మాటది. క్రాన్ లైన్‌ని కామెంట్ చేసి, ఏమేం విరుగుతాయో చూద్దామని కూర్చున్నాను.

ఒకే ఎర్రర్, రెండు రోగాలు

తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. ప్రతి ఫైల్‌కీ ఒక ఓనర్, ఒక గ్రూప్ ఉంటాయి. ఓనర్‌కి, గ్రూప్‌కి, మిగతావాళ్లకి విడివిడిగా మూడేసి బిట్లు: ఆర్ అంటే చదవడం, విలువ 4. డబ్ల్యూ అంటే రాయడం, 2. ఎక్స్ అంటే నడపడం, 1. 640 అంటే ఓనర్ చదువుతాడు రాస్తాడు, గ్రూప్ చదువుతుంది, మిగతావాళ్లకి సున్నా. ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది. కెర్నల్ ఈ మూడింటినీ కలిపి చూడదు. నువ్వు ఓనర్‌వైతే ఓనర్ బిట్లే చూసి అక్కడే ఆగిపోతుంది. కాకపోతే గ్రూప్‌లో ఉన్నావా అని చూసి, ఉంటే గ్రూప్ బిట్లే. ఆ రెండూ కానివాళ్లకే మూడో వరస. అందుకే 604 ఉన్న ఫైల్‌ని ఊరూపేరూ లేని అకౌంట్ చదవగలదు గానీ ఆ గ్రూప్‌లో ఉన్నవాడు చదవలేడు. వింతగా ఉంటుంది, రూల్ మాత్రం అదే.

డైరెక్టరీ దగ్గర ఈ అక్షరాల అర్థాలే మారిపోతాయి. డైరెక్టరీని హాజరుపట్టీ అనుకోండి, అందులో పేర్లు, పేరు ఎదురుగా ఐనోడ్ నంబర్లు (అసలు ఫైల్‌ని గుర్తించేవి). ఆర్ ఉంటే పేర్లు చదవొచ్చు. డబ్ల్యూ ఉంటే పేర్లు చేర్చొచ్చు, కొట్టేయొచ్చు, మార్చొచ్చు, అయితే ఎక్స్ కూడా తోడుండాలి. ఎక్స్ అంటే ఆ డైరెక్టరీ గుండా లోపలికి వెళ్లే హక్కు. ఆర్ ఉండి ఎక్స్ లేకపోతే పేర్లు కనిపిస్తాయి గానీ ఎల్ఎస్ మైనస్ ఎల్ కొడితే పర్మిషన్లు, సైజు, తేదీ రావాల్సిన చోట ప్రశ్నార్థకాలు వస్తాయి. ఎక్స్ ఉండి ఆర్ లేకపోతే జాబితా కనిపించదు, పేరు తెలిస్తే మాత్రం ఫైల్ తెరుచుకుంటుంది.

ఇప్పుడు లాగ్‌కి వద్దాం. ఇంపోర్టర్ లాగ్ నిండా పర్మిషన్ డినైడ్. పైపైన చూస్తే అన్నీ ఒకటే. ఫైల్ పేర్లు పట్టుకుని విడదీస్తే రెండు రకాలు తేలాయి.

మొదటి రకంలో ఫైల్ చక్కగా చదవబడింది, డేటాబేస్‌లోకి వెళ్లింది కూడా. జరపడం దగ్గర ఆగింది. ఆ ఫైల్ పెట్టిన ఆయన రోజూ ఆ రోజు తేదీతో ఒక సబ్‌డైరెక్టరీ చేసి దాంట్లో ఫైళ్లు పెడతారు. యూమాస్క్ (కొత్త ఫైళ్లు పుట్టేటప్పుడు కొన్ని హక్కుల్ని కోసేసే సెట్టింగ్) 022 కాబట్టి ఆ సబ్‌డైరెక్టరీ 755తో, ఆయన సొంత గ్రూప్‌తో పుట్టింది. ఫైల్ 644, అంటే ఇంపోర్టర్ చదవగలదు. కానీ ఫైల్‌ని జరపడమంటే ఒక పట్టీలో పేరు కొట్టేసి ఇంకో పట్టీలో రాయడం, దానికి ఆ తేదీ డైరెక్టరీ మీద డబ్ల్యూ కావాలి, అది లేదు. దాంతో 10 నిమిషాలకోసారి అదే ఫైల్‌ని మళ్లీ చదవడం, మళ్లీ జరపలేక వదిలేయడం. పొద్దున 9కి పెట్టిన ఫైల్‌ని సాయంత్రం 6 లోపు 54 సార్లు చదివింది. టేబుల్‌లో యూనిక్ కీ (ఒకే వరసని రెండోసారి ఎక్కనివ్వనిది) ఉండబట్టి బతికిపోయారు, లేకపోతే లెక్కలు ఎక్కడికి పోయేవో.

రెండో రకంలో అసలు చదవడమే కాలేదు. ఫైల్ 600. అన్నీ ఒకే మనిషివి.

రాత్రి 777 ఈ రెండు రోగాల్నీ ఒకే దుప్పటి కింద దాచేసింది. ఫైల్ మోడ్ చూస్తే ఏమీ తేలకపోవడానికి కారణం కూడా అదే, ఎందుకంటే పొద్దున ఎప్పుడు చూసినా పాత ఫైళ్లన్నీ 777గానే కనిపిస్తాయి. సీహెచ్‌మోడ్ ఉన్న ఫైళ్లనే మారుస్తుంది, ఇంకా పుట్టని ఫైళ్ల సంగతి దానికి తెలీదు. కాబట్టి నేను వెతకాల్సింది ఫైల్ మీద ఇప్పుడేముందని కాదు, ఆ ఫైల్ ఎవరి చేతుల్లో, ఏ దారిలో, ఏ మోడ్‌తో పుట్టిందని.

ఇంకో పాత గొడవకి కూడా ఇక్కడే జవాబు దొరికింది. ఒకావిడ ముఖ్యమైన ఫైల్‌ని 444 చేసి పెట్టుకున్నారు, ఎవరూ ముట్టుకోకూడదని. వేరే ఎవరో దాన్ని డిలీట్ చేసేశారు. "రీడ్ ఓన్లీ పెట్టాను కదండీ, ఎలా పోయింది?" అని ఆవిడ ప్రశ్న. పోతుందండీ. డిలీట్ అంటే ఫైల్‌లో రాయడం కాదు, డైరెక్టరీలో పేరు కొట్టేయడం, ఆ డైరెక్టరీ 777గా ఉంది. షెల్‌లో ఆర్ఎమ్ అయితే కనీసం ఒకసారి అడుగుతుంది, ఎస్‌ఎఫ్‌టీపీలో ఆ అడగడం కూడా లేదు.

కట్టిన మందు

డేటా అనే గ్రూప్ చేసి ఆరుగురినీ, ఇంపోర్టర్‌నీ అందులో చేర్చాను. డైరెక్టరీలన్నీ ఆ గ్రూప్‌కి మార్చి 2770 పెట్టాను. ముందున్న ఆ 2 సెట్‌జీఐడీ బిట్. డైరెక్టరీ మీద అది ఉంటే లోపల పుట్టే ఫైల్‌కి, పెట్టినవాడి సొంత గ్రూప్ కాకుండా డైరెక్టరీ గ్రూపే వస్తుంది, లోపల పుట్టే సబ్‌డైరెక్టరీలకి ఆ బిట్ కూడా వారసత్వంగా వస్తుంది.

పాత ఫైళ్లకి మోడ్ సరిచేసేటప్పుడు సాధారణంగా పెద్ద ఎక్స్ వాడతాం, డైరెక్టరీలకీ, ముందే ఎక్స్ ఉన్న ఫైళ్లకీ మాత్రమే అది ఎక్స్ ఇస్తుంది. ఇక్కడ ఆ చిట్కా పారలేదు, ఎందుకంటే 777 పుణ్యమా అని ప్రతి స్ప్రెడ్‌షీట్‌కీ ఎక్స్ ఉంది! ఫైండ్‌తో డైరెక్టరీలు వేరు, ఫైళ్లు వేరు చేసి, ఫైళ్లకి 660 ఇచ్చాను. ఆ మర్నాడు మూడు స్క్రిప్టులు ఆగిపోయాయి. వాటికి ఎక్స్ నిజంగానే కావాలి, కానీ ఏవి నిజమైన ప్రోగ్రాములో ఏవి కాదో 777 ఎప్పుడో చెరిపేసింది. 777 అంటే తలుపులు బార్లా తీయడం అని చెప్తుంటారు గానీ, నాకు అంతకన్నా చిరాకు కలిగించేది ఇదే. ముందు ఏం ఉండేదో ఆనవాలు మిగలదు, వెనక్కి వెళ్లే దారి ఉండదు. మొదటి లైన్లో హ్యాష్‌బ్యాంగ్ (స్క్రిప్ట్ అని చెప్పే #! గుర్తు) ఉన్న ఫైళ్లని వెతికి ఒక్కొక్కటీ చూసి ఇచ్చాను.

ఇన్‌బాక్స్‌కి మాత్రం 3770, అంటే సెట్‌జీఐడీతో పాటు స్టికీ బిట్ కూడా. టెంప్ డైరెక్టరీ మీద 1777 చూసుంటారు, ఆ 1 ఇదే. స్టికీ ఉంటే ఒక ఫైల్‌ని ఆ ఫైల్ ఓనర్, డైరెక్టరీ ఓనర్, రూట్ తప్ప ఇంకెవరూ కొట్టేయలేరు, పేరు మార్చలేరు. ఇన్‌బాక్స్ ఓనర్‌గా ఇంపోర్టర్‌ని పెట్టాను కాబట్టి అది అందరి ఫైళ్లనీ జరపగలదు, ఒకరి ఫైల్ ఇంకొకరు తీసేయలేరు. తేదీ డైరెక్టరీలు మానేయమని చెప్పాను, ఎలాగూ పూర్తయినవిలో ఇంపోర్టరే తేదీల వారీగా సర్దుతుంది. అలవాటుకొద్దీ ఎవరైనా చేసినా స్టికీ కిందికి రాదు గానీ సెట్‌జీఐడీ వస్తుంది, ఇంపోర్టర్ పని ఆగదు.

యూమాస్క్ రెండు చోట్ల మార్చాను. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఎస్‌ఎఫ్‌టీపీ సబ్‌సిస్టమ్ లైన్‌కి మైనస్ యూ 007 తగిలించాను, సిస్టమ్‌డీ (సర్వీసుల్ని నడిపే ప్రోగ్రాం) యూనిట్‌లో ఇంపోర్టర్‌కి 0007 ఇచ్చాను. సిస్టమ్‌డీ సర్వీసులకి ఏమీ చెప్పకపోతే 0022 వస్తుంది, మన షెల్‌లో ఏం పెట్టుకున్నామో దానికి పట్టదు.

ఇంత చేశాక సర్వీస్ మళ్లీ డినైడ్ అంది. ఐడీ ఇంపోర్టర్ అని కొడితే డేటా గ్రూప్ కనిపిస్తోంది. మోడ్ సరే, గ్రూప్ సరే, దారి సరే. దాదాపు అరగంట బుర్ర గోక్కున్నాక గుర్తొచ్చింది: ఐడీ చెప్పేది గ్రూప్ ఫైల్‌లో ఉన్నది, నడుస్తున్న ప్రాసెస్ దగ్గర ఉన్నది కాదు. ప్రాసెస్ మొదలైనప్పుడు తెచ్చుకున్న గ్రూపులతోనే చివరిదాకా బతుకుతుంది. ప్రాక్ (నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే చోటు) కింద ఆ ప్రాసెస్ నంబర్‌తో ఉన్న స్టేటస్ ఫైల్‌లో గ్రూప్స్ లైన్ చూస్తే డేటా గ్రూప్ నంబర్ లేనే లేదు. సర్వీస్ రీస్టార్ట్ చేశాను, అయిపోయింది. ఇదే విషయం కొత్తవాళ్లకి నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఆ 600 మనిషి

అందరివీ కుదిరాయి, ఆయన ఒక్కడివి మాత్రం ఇంకా 600గానే వస్తున్నాయి. యూమాస్క్ 007 పెట్టాక 660 రావాలి కదా అని మొదట నేనూ అనుకున్నాను. తప్పు. యూమాస్క్ బిట్లు తీసేయగలదు, ఇవ్వలేదు. ఫైల్‌ని సృష్టించే ప్రోగ్రాం ఏ మోడ్ అడిగిందో అందులోంచి కోత కోస్తుంది, అంతే. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్ల ఎస్‌ఎఫ్‌టీపీ క్లయింట్ అప్‌లోడ్ చేసేటప్పుడు పంపేవాళ్ల మెషీన్‌లో ఆ ఫైల్‌కి ఉన్న మోడ్‌నే సర్వర్‌కీ పంపుతుంది. ఆయన వాడే ఎక్స్‌పోర్ట్ టూల్ ఫైల్‌ని 600తో రాస్తోంది, అదే 600 సర్వర్‌కి వచ్చి కూర్చుంటోంది.

డిఫాల్ట్ ఏసీఎల్ (డైరెక్టరీలో కొత్తగా పుట్టేవాటికి వచ్చే, పేరు పేరునా హక్కులిచ్చే అదనపు జాబితా) పెడితే యూమాస్క్ పక్కకి తప్పుకుంటుంది కాబట్టి తీరుతుందేమో అని చూశాను. తీరలేదు. ఎంట్రీలన్నీ ఫైల్ మీదికి వచ్చాయి గానీ, ప్రోగ్రాం అడిగిన మోడ్‌లో గ్రూప్ బిట్లు సున్నా కాబట్టి ఏసీఎల్ మాస్క్ (ఆ హక్కులకి గరిష్ఠ హద్దు) కూడా సున్నా అయిపోయింది. గెట్‌ఎఫ్‌ఏసీఎల్ అనే కమాండ్ కొడితే హక్కులన్నీ దర్జాగా కనిపిస్తాయి, పక్కన ఎఫెక్టివ్ అని మూడు గీతలు. పెళ్లికార్డులో పేరుంది, లోపలికి మాత్రం రానివ్వరు.

ఇంపోర్టర్‌కి అన్ని ఫైళ్లనీ చదివే కేపబిలిటీ ఇచ్చేయొచ్చు, ఒక్క లైన్ పని. ఇవ్వలేదు. ఒక మనిషి ఎక్స్‌పోర్ట్ టూల్ కోసం ఒక సర్వీస్‌కి ఆ మెషీన్‌లో ఉన్న ప్రతి ఫైల్‌నీ చదివే హక్కు ఇవ్వడం నాకు మనస్కరించలేదు. చివరికి చేసింది చాలా సాదా పని. ఆయన అప్‌లోడ్ చేసే ముందు తన వైపే 640 అయ్యేలా ఆయన స్క్రిప్ట్‌లో ఒక లైన్ చేర్చాం. ఇంపోర్టర్‌కి చదవలేని ఫైల్ తగిలితే ఉత్తి డినైడ్ అని కాకుండా ఓనర్ పేరూ మోడ్ కూడా లాగ్‌లో రాసేలా మార్చాం. అందమైన పరిష్కారం కాదు గానీ, పనిచేస్తోంది.

షెల్ ఉన్న ఇద్దరితో ఇంకో చిక్కు. వాళ్లు ఫైల్‌ని తమ హోమ్‌లో తయారుచేసి ఎమ్‌వీతో ఇన్‌బాక్స్‌లోకి జరిపేవాళ్లు. హోమూ ఇన్‌బాక్సూ ఒకే ఫైల్‌సిస్టమ్ మీద ఉన్నాయి కాబట్టి ఎమ్‌వీ అంటే పేరు మార్పే, ఐనోడ్ పాతదే, గ్రూప్ పాతదే. ఫైల్ ఇన్‌బాక్స్‌లో పుట్టలేదు కాబట్టి సెట్‌జీఐడీకి పనే లేదు. సీపీ (కాపీ చేసే కమాండ్) వాడమన్నాను, అప్పుడు కొత్త ఫైల్ అక్కడే పుడుతుంది. అలవాటుగా సీపీ మైనస్ పీ కొడితే మాత్రం పాత గ్రూప్ మళ్లీ వెంటే వస్తుంది.

వెబ్ సర్వర్ సంగతి

వెబ్ సర్వర్‌ని డేటా గ్రూప్‌లో చేర్చమని అందరూ అన్నారు. చేరిస్తే ఇన్‌బాక్స్‌లో రాసే హక్కు కూడా దానికి పోతుంది, బయటి ప్రపంచానికి ఎదురుగా నిలబడే ప్రాసెస్‌కి అది అక్కర్లేదు. ఫలితాల మీద మాత్రం ఏసీఎల్‌తో చదివే హక్కు ఇచ్చాను, డిఫాల్ట్ ఏసీఎల్ కూడా పెట్టాను. అయినా పేజీ తెరుచుకోలేదు. నేమ్‌ఐ మైనస్ ఎల్ కొట్టాను, అన్నిటికన్నా పైనున్న డైరెక్టరీ నుంచి ఫైల్ దాకా దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీ మోడ్‌నీ వరసగా చూపించే కమాండ్ ఇది, నా దృష్టిలో పర్మిషన్ గొడవలన్నిటికీ మొదట కొట్టాల్సింది ఇదే. పైనున్న రిపోర్ట్స్ డైరెక్టరీని నేనే 2770 చేశాను, వెబ్ సర్వర్‌కి ఆ గడప దాటే హక్కే లేదు. రిపోర్ట్స్ మీద దానికి ఎక్స్ ఒక్కటే ఇచ్చాను, ఆర్ ఇవ్వలేదు. దారిన పోవచ్చు, పక్క గదుల్లో ఏమున్నాయో జాబితా చూడకూడదు.

రెండు వారాల తర్వాత ఫలితాల్లో ఒక సబ్‌డైరెక్టరీ వెబ్‌లో కనిపించడం మానేసింది. ఎవరో సేఫ్టీ కోసమని దానికి 700 పెట్టారు. ఏసీఎల్ ఉన్న చోట ఎల్ఎస్ చూపించే గ్రూప్ బిట్లు నిజానికి మాస్క్, చివర్లో ఉండే ప్లస్ గుర్తు ఆ సంగతే చెప్తుంది. గ్రూప్‌ని సున్నా చేస్తే మాస్క్ సున్నా అయి, వెబ్ సర్వర్ ఎంట్రీ కూడా దాంతో పాటే పడుకుంది. మాస్క్ తిరిగి పెడితే లేచింది.

రాత్రి రెండింటి క్రాన్‌ని తీసేయలేదు, మార్చాను. ఇప్పుడు అది దేన్నీ సరిచేయదు, చూసి చెప్తుంది. రిపోర్ట్స్ కింద డేటా గ్రూప్ కాని ఫైళ్లు, సెట్‌జీఐడీ లేని డైరెక్టరీలు, మిగతావాళ్లకి రాసే హక్కున్నవి, ఈ మూడూ ఫైండ్‌తో వెతికి, దొరికితే మెయిల్ చేస్తుంది. మొదటి వారం రోజూ పది పదిహేను లైన్లు వచ్చేవి, దాదాపు అన్నీ ఎమ్‌వీ అలవాటువే. తర్వాత తగ్గిపోయి, నెల దాటాక ఖాళీ అయింది.

ఆ తర్వాత ఒకరోజు ఒక్కసారే 38 లైన్లు. ఓనర్ ఉండాల్సిన చోట పేరు లేదు, 1004 అని ఉత్త నంబర్. ఆ నంబర్‌తో ఈ సర్వర్‌లో అకౌంటే లేదు, రేపు ఎవరికైనా కొత్త అకౌంట్ ఇస్తే, ఆ నంబర్ వాళ్లకి వచ్చిందంటే, ఈ ఫైళ్లన్నీ వాళ్ల సొంతమైపోతాయి. వేరే మెషీన్‌లో చేసిన టార్ ఫైల్‌ని (చాలా ఫైళ్లు ఒకటిగా కట్టిన మూట) ఎవరో ఇక్కడ రూట్‌గా విప్పారు. రూట్‌గా విప్పితే టార్ అక్కడి ఓనర్లనీ మోడ్‌లనీ అలాగే తెచ్చి పెడుతుంది, మామూలు యూజర్‌గా విప్పితే విప్పినవాళ్ల పేరుమీద వస్తాయి. ఎవరా అని రూట్ హిస్టరీ చూస్తే, అంతకుముందు రోజు సాయంత్రం పాత రిపోర్టులు తిరిగి తెచ్చిపెట్టమంటే హడావుడిగా విప్పింది నేనే. ఓనర్‌నీ గ్రూప్‌నీ మార్చి, మోడ్ సరిచేసి, మెయిల్‌కి "నాదే, సరిచేశాను" అని జవాబు పెట్టాను.